ఐదు వాట్ల రేడియో

(మన తెలుగు కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో నాకంటే ముందు వచ్చినవాళ్ళు కూచిపూడి గురించి, ఇన్‌కమ్ టాక్సు గురించి, పెరట్లో గోంగూర పెంచడం గురించి మాట్లాడారు. నేను మోర్సు కోడ్ గురించి మాట్లాడతానని చెప్పగానే నిర్వాహకులు ఒక్క క్షణం ఆగి, "అది ఇంకా ఉందాండీ?" అన్నారు. ఉందండీ. ఇవాళ రాత్రి కూడా ఉంటుంది.

ముందు నా గురించి రెండు ముక్కలు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఇక్కడే న్యూజెర్సీలో ఉండిపోయినవాణ్ణి. వృత్తి ఐటీ కన్సల్టింగ్. అంటే పగలంతా కాన్ఫరెన్స్ కాల్స్. "నా మాట వినిపిస్తోందా?" అని రోజుకి ఇరవైసార్లు అడుగుతాను. వినిపిస్తోందని అవతల ఎనిమిదిమందీ అంటారు. వింటున్నారో లేదో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. రాత్రి పిల్లలు పడుకున్నాక బేస్‌మెంట్లోకి వెళ్ళి, నా చేత్తో నేను తయారుచేసుకున్న చిన్న రేడియో ముందు కూర్చుంటాను. అరచేతిలో పట్టేంత పెట్టె అది. దాని శక్తి ఐదు వాట్లు.

ఐదు వాట్లంటే ఎంతో మీకు అందాజుగా తెలియాలి. మన ఇళ్ళల్లో రాత్రిపూట వేసుకునే జీరో బల్బు గుర్తుందా? పేరుకే జీరో, నిజానికి పదిహేను వాట్ల దాకా లాగేది. నా రేడియో అందులో మూడో వంతు. ఇలా తక్కువ శక్తితో నడపడాన్ని హామ్ రేడియోవాళ్ళు క్యూ ఆర్ పీ అంటారు. పాత టెలిగ్రాఫ్ సంకేతాల్లో దానికి "శక్తి తగ్గించు" అని అర్థం. మోర్సులో అయితే 5 వాట్లకి మించకూడదన్నది అందరూ ఒప్పుకున్న హద్దు. ఒక వాటు లోపల నడిపే మొండివాళ్ళూ ఉన్నారు.

బజారులో మామూలుగా దొరికే హామ్ రేడియో 100 వాట్లది. నాది అందులో ఇరవయ్యో వంతు. మరి ఇరవై రెట్లు తక్కువగా వినిపించాలి కదా అని మీరనుకోవచ్చు. అక్కడే ఉంది తమాషా. మన చెవీ, రిసీవరు మీద ముల్లూ శక్తిని అలా కొలవవు. 100 వాట్లకీ 5 వాట్లకీ తేడా 13 డెసిబెల్సు. రిసీవరు మీటరు మీద అది రెండు గీతల కంటే కాస్త ఎక్కువ, అంతే. అవతలివాడికి మీ స్వరం సన్నబడుతుంది గానీ మాయమైపోదు. పైగా మోర్సు చాలా ఇరుకు సందులో నడిచే వ్యవహారం. మనిషి గొంతు పంపాలంటే రెండున్నర కిలోహెర్ట్జ్ దాకా వెడల్పు కావాలి. మోర్సుకి రెండు వందల హెర్ట్జ్ ఫిల్టరు చాలు. కాలవలో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు చేనంతటికీ వదిలితే ఎక్కడా తడి కనపడదు, ఒక్క బోదెలోకి మళ్ళిస్తే చివరిదాకా పారతాయి. ఇదీ అంతే.

ఇక కిట్ సంగతి. కిట్ అంటే ఒక కవరులో వచ్చే సర్క్యూట్ బోర్డు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, సన్నటి రాగితీగ, ఇనప పొడితో చేసిన చిన్న చిన్న రింగులు. 1999లో కాల్‌టెక్ ప్రొఫెసర్ డేవిడ్ రట్లెడ్జ్ "ది ఎలక్ట్రానిక్స్ ఆఫ్ రేడియో" అని ఒక పాఠ్యపుస్తకం వేశారు. పుస్తకమంతా నార్‌కాల్ 40ఏ అనే ఒక్క మోర్సు కిట్ చుట్టూ నడుస్తుంది. విద్యార్థులు దాన్ని ముక్కముక్కగా కడుతూ ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నారు. నేను ఇంజనీరింగులో నాలుగేళ్ళు సర్క్యూట్లు చదివి ఒక్కటీ కట్టలేదు. అన్నీ కాగితం మీదే. అందుకే ఆ పుస్తకం చూసినప్పుడు కొంచెం కడుపు మండింది.

నేను కట్టింది క్యూసీఎక్స్. లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో 2017లో కుర్రకారు హామ్‌ల వేసవి శిబిరం జరిగితే, అక్కడ పిల్లల చేత కట్టించడానికని హాన్స్ సమ్మర్స్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. చివర శక్తినిచ్చే భాగంలో ఉన్నవి మూడంటే మూడు చవక ట్రాన్సిస్టర్లు. అన్నట్టు ఈ రంగంలో మనం గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. హైదరాబాదుకి చెందిన అష్హర్ ఫర్హాన్ గారు 2000 దశకం మొదట్లో బిట్‌ఎక్స్ అనే రేడియోని రూపొందించారు. అది గొంతు పంపే రేడియో, మోర్సుది కాదు. మన ఊళ్ళ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే భాగాలతోనే కట్టాలన్నది ఆయన పట్టుదల. ప్రత్యేకమైన రింగులు దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద తీగ చుట్టమన్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని కట్టారు. ఆ తరవాత వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ మోర్సు కూడా పంపుతుంది.

నా కిట్ కట్టడానికి నాలుగు రాత్రులు పట్టింది. మొదటి మూడు రాత్రులూ సుఖంగానే గడిచాయి. నాలుగో రాత్రి రింగుల దగ్గరకొచ్చాను. అందులో ఒకదాని మీద ఒక పొడుగు చుట్టూ, మూడు పొట్టి చుట్లూ వేరువేరుగా వెయ్యాలి. తీగ జుట్టంత సన్నం కాదు గానీ నా వేళ్ళకి మాత్రం అలాగే ఉంది. తీగ రింగు మధ్యలోంచి ఎన్నిసార్లు దూరిందో అన్ని చుట్లు అని లెక్క. బయట ఎన్నిసార్లు తిప్పామన్నది కాదు. ఆ సూత్రం చదివి కూడా రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను. మా ఆవిడ రాజమండ్రి అమ్మాయి, మల్లెపూలు మాల కట్టడంలో చెయ్యి తిరిగినది. కాసేపు చూసి, "ఇటివ్వండి, మీరు కంగారుపడుతున్నారు" అని తీసుకుని పది నిమిషాల్లో చుట్టేసింది. ఒక చుట్టు పక్కన ఇంకొకటి, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా.

సోల్డరు చేసి, పన్నెండు వోల్టుల సప్లై పెట్టి ఆన్ చేశాను. తెర వెలిగింది. శబ్దం లేదు. రేడియోలో ఉండాల్సిన బుస కూడా లేదు. చుట్టింది తనేనన్న సంగతి ఆ రోజు నేను ఒకటికి రెండుసార్లు గుర్తుచేసినట్టున్నాను. మూడు రోజుల తరవాత మల్టీమీటరు పెట్టి చూస్తే తెలిసింది. రాగితీగకి పైన ఎనామిల్ పూత ఉంటుంది. సోల్డరు చేసేముందు దాన్ని గీకెయ్యాలి. ఒక కొస నేను గీకలేదు. పైకి సోల్డరు వెండిలా మెరుస్తోంది, లోపల రాగికి తగలనే లేదు. చుట్టడంలో తప్పు లేదు, తప్పంతా నా సోల్డరింగుదే. ఆ కొస మళ్ళీ కాల్చి పెట్టగానే చెవుల్లోకి సముద్రం వచ్చినట్టు హోరు, ఆ హోరులో పది పన్నెండు సన్నని ఈలలు. మా ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ ముక్క రేడియోలో కూడా చెప్పమంది. చెప్పాను.

ఏంటెన్నా గురించి ఎక్కువ చెప్పను. ఏడు మెగాహెర్ట్జ్ బ్యాండుకి సుమారు 66 అడుగుల తీగ కావాలి. ఇళ్ళ సంఘాల నియమాలు మీకు తెలిసినవే. కనీకనపడని సన్న తీగ ఒకటి కిటికీలోంచి చెట్టు మీదకి పోయింది, ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు.

రేడియో పలికాక కూడా మూడు వారాలు వినడమే తప్ప మీట ముట్టుకోలేదు. భయం. ఒక శుక్రవారం రాత్రి ఒహాయోనుంచి ఒకాయన నింపాదిగా "సీ క్యూ, సీ క్యూ" అని పిలుస్తున్నాడు. ఎవరైనా పలకండి అని దానికి అర్థం. చెమట పట్టిన చేత్తో నా కాల్ సైన్ కొట్టాను. ఆయనకి చివరి అక్షరం ఒక్కటే అందింది. ఆ అక్షరం కొట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. మళ్ళీ కొట్టాను. ఇంకో అక్షరం అందింది, మళ్ళీ ప్రశ్నార్థకం. నాలుగోసారికి మొత్తం అందుకుని, తన వేగం నా వేగానికి తగ్గించి, రిపోర్టు ఇచ్చాడు: 339. అంటే చాలా కష్టపడితే అర్థమవుతున్నావు, బలహీనంగా ఉన్నావు, స్వరం మాత్రం శుభ్రంగా ఉంది. పన్నెండు నిమిషాల్లో మేం మార్చుకున్నది పేర్లు, ఊళ్ళు, రెండు చోట్లా వాతావరణం. నేను ఎవరో ఆయనకి తెలియదు. తరవాతి పిలుపుకి పోతే ఇంకో గట్టి స్టేషను దొరికేది. కానీ ఒక జీరో బల్బులో మూడో వంతు వెలుతురు కోసం ఆయన నాలుగుసార్లు చెవి ఒగ్గాడు. ఐదు వాట్లతో మాట్లాడేవాడు చెయ్యగలిగింది కొంచెమే. మిగతాదంతా అవతలి మనిషి చెయ్యాలి.

ఇక కోడ్ నేర్చుకోవడం. కాగితం మీద చుక్కలూ గీతలూ బట్టీ పట్టకండి. అది చెవితో నేర్వాల్సిన విద్య. నాకు దారి చూపించింది మాత్రం హైస్కూల్లో తెలుగు మాస్టారు నేర్పిన ఛందస్సు. చుక్క లఘువు, గీత గురువు అనుకోండి. మన గురువుకి రెండు మాత్రలు, మోర్సు గీతకి మూడు. ఆ తేడా వదిలేస్తే మూడు సంకేతాల అక్షరాలు ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది ఉన్నాయి, మనకి మూడక్షరాల గణాలూ ఎనిమిదే. డీ అంటే భ గణం. యూ స గణం, ఆర్ జ గణం, కే ర గణం. డబ్ల్యూ య గణం, జీ త గణం. ఓ మ గణం, ఎస్ న గణం. ఒక్కటి కూడా మిగలదు, ఒక్కటి కూడా తగ్గదు. ఈ లెక్కన ఓడలు మునిగేటప్పుడు పంపే ఎస్ ఓ ఎస్ ఏమవుతుందో చూడండి: న, మ, న. ఇది కనిపెట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ పుట్టిన మా అబ్బాయికి మోర్సు నేర్పుతుంటే గణవిభజన ఉచితంగా వస్తోంది.

లైసెన్సు విషయంలో మనవాళ్ళకి రెండు అపోహలున్నాయి. ఒకటి, అమెరికా పౌరులకే ఇస్తారని. కాదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకి తప్ప, ఇక్కడ ఉత్తరాలందుకునే చిరునామా ఉన్న ఎవరికైనా ఇస్తారు. నేను హెచ్1బీ మీద ఉండగానే తీసుకున్నాను. రెండోది, మోర్సు పరీక్ష పాసవ్వాలని. ఆ పరీక్షని 2007 ఫిబ్రవరిలో పూర్తిగా ఎత్తేశారు. మొదటి మెట్టు టెక్నీషియన్ లైసెన్సుకి 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. ప్రశ్నలూ జవాబులూ అన్నీ ముందే ప్రచురించి ఉంటాయి. ఎంసెట్ రాసినవాళ్ళకి ఇదొక లెక్కా! 2022నుంచి ప్రభుత్వానికి 35 డాలర్లు ఫీజు కట్టాలి. ఈ మొదటి మెట్టులో గొంతుతో దూరాలు మాట్లాడడానికి అవకాశం తక్కువ గానీ, మోర్సుకి మాత్రం ఏడు మెగాహెర్ట్జ్‌లో మంచి జాగా ఇచ్చారు. పరీక్ష ఎత్తేసినా ఆ హక్కు ఉంచారు. చాలామంది దాన్ని వాడుకోరు. మన రాష్ట్రంలోనే మోరిస్‌టౌన్ దగ్గర స్పీడ్‌వెల్‌లో 1838 జనవరిలో మోర్సు, ఆల్ఫ్రెడ్ వెయిల్ కలిసి రెండు మైళ్ళ తీగ మీద టెలిగ్రాఫ్‌ని చూపించారు. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళండి, షాపింగ్ మాల్ కంటే నయం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం.

మా నాన్నగారు తెనాలిలో టెలిగ్రాఫిస్టు. 1974లో తంతి తపాలా శాఖలో చేరారు. మొదట్లో చాలా ఏళ్ళు మోర్సు మీదే పనిచేసి, తరవాత టెలిప్రింటరుకి మారారు. నా చిన్నతనంలో ఆ సంగతులు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆపేసిన రోజు ఫోన్ చేస్తే, "ఎప్పుడో పోవాల్సింది లే" అని అమ్మకి ఇచ్చేశారు.

అమ్మకి ఇచ్చెయ్యడం క్రమంగా ఎక్కువైంది. మొదట ముభావం అనుకున్నాను. తరవాత తెలిసింది, ఆయనకి వినపడటం తగ్గింది. వయసుతో వచ్చే చెవుడు ముందుగా హెచ్చు స్వరాలని తీసుకుపోతుంది. స, శ, త లాంటివి అందవు. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. మిషను పెట్టించాం గానీ గోల ఎక్కువని తీసి డ్రాయరులో పెట్టారు. వాట్సాప్ కాల్‌లో రెండు "ఏంటి?"లు, ఒక "సరేలే". అంతే మా సంభాషణ.

రేడియో కట్టిన కొత్తలో ఊరికే గొప్ప కోసం, ఒహాయో పెద్దాయన సీ క్యూ రికార్డు చేసి ఇంటికి పంపాను. అది ఆరువందల హెర్ట్జ్ స్వరం. ఆయన చెవికి ఇంకా మిగిలివున్న చోటు. అమ్మ చెప్పింది: నాన్నగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పాలపాకెట్టు మీద పెన్సిల్‌తో అక్షరాలు రాయడం మొదలుపెట్టారట. మొదటిసారి అన్నీ తప్పులు. ఎందుకంటే వాళ్ళ ఆఫీసులో స్వరం ఉండేది కాదు. సౌండరు అనే ఇత్తడి పరికరం టక్కుమని పడి టక్కుమని లేచేది, ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఎంత ఎడమో దాన్నిబట్టి చుక్కా గీతా తెలుసుకోవాలి. "ఇదేంట్రా, పిట్ట కూసినట్టు! మాది టక్కు టక్కు" అని ఆయనే స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. ఆయనంతట ఆయన ఫోన్ చెయ్యడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. వారం రోజుల్లో పిట్టకూత పట్టేశారు.

అప్పటినుంచి కాల్‌లో కాకుండా క్లిప్పులు పంపుకుంటున్నాం. కాల్ మీద కొడితే ఆ యాప్ నా స్వరాన్ని రొద అనుకుని మింగేస్తోంది. 2023 డిసెంబరులో వెళ్ళినప్పుడు ఆయన కోసం 555 ఐసీతో ఒక ప్రాక్టీసు ఆసిలేటరూ, ఒక మీటా చేసి తీసుకెళ్ళాను. రేడియో కాదు, ఊరికే కుయ్‌మనే డబ్బా. విమానాశ్రయంలో ఆ తీగల డబ్బా ఏమిటో వివరించడానికి పావుగంట పట్టింది. ఇంటికెళ్ళి ముందు పెడితే, మీట ఎత్తు సరిచేసుకుని, మణికట్టు బల్లమీద ఆనించి, ఆయన కొట్టిన వేగానికి నేను ఒక్క మాట రాయలేకపోయాను. ఆ తరవాత నన్ను కొట్టమన్నారు. విని, "అక్షరాలు తెలుసు గానీ నీకింకా దస్తూరీ కుదరలేదు" అన్నారు. మోర్సుకి దస్తూరీ ఏమిటని నేను నవ్వితే ఈ సంగతి చెప్పారు. సగం నోటితో, సగం మీటతో.

1981లో మా తాతగారు పోయినప్పుడు నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. ఊరినుంచి మనిషి సైకిల్ మీద వచ్చి చెప్పాడు. పెదనాన్నగారు అప్పుడు ఖరగ్‌పూర్ రైల్వేలో. ఆయనకి తంతి వెళ్ళాలి. కౌంటరులో ఫారం నింపినది నాన్నగారే, డబ్బు కట్టినది ఆయనే, మీట ముందు కూర్చున్నదీ ఆయనే. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." పోయారని ఎవరూ రాసేవారు కాదు, సీరియస్ అంటే అందరికీ తెలుసు. విజయవాడ లైను మీద ఉన్న టెలిగ్రాఫిస్టు మొహం ఈయన ఎప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి లైను మీద పరిచయం మాత్రమే. మూడో మాట దగ్గర ఆయన ఆపి, "ఎవరిది? నీదేనా?" అని అడిగాడట. చిరునామాలో ఇంటిపేరు చూసి కాదు. చెయ్యి తేడా పడిందని. నాన్నగారు అవునని కొట్టారు. "మిగతాది నాకు తెలుసు, లేచి వెళ్ళు" అని అట్నుంచి వచ్చింది. ఆ తంతి మిగతా మాటలు ఆయనే పూర్తిచేసి పైకి పంపాడు.

నలభై రెండేళ్ళు ఆ సంగతి అమ్మకి కూడా తెలియదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడా అప్పుడే విన్నది.

నా ఐదు వాట్లు ఇటలీ దాకా వెళ్ళాయి. ఇండియా మాత్రం ఇంకా అందలేదు. 13 వేల కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో ధ్రువం. తెల్లవారుజామున ప్రయత్నిస్తూనే ఉన్నాను. నాన్నగారికి లైసెన్సు లేదు కాబట్టి అందినా ఆయనతో మాట్లాడలేను, ఏదో ఒక భారతీయ స్టేషను దొరికితే ఆ క్లిప్పు ఆయనకి పంపాలని కోరిక.

పోయిన వారం నేను పంపిన క్లిప్పుకి దిద్దుబాటు వచ్చింది. సీ అక్షరంలో రెండో గీత కురచ చేస్తున్నానట, అందరూ తొందరలో చేసే తప్పేనట. చివర 73 అని పెట్టారు. శుభాకాంక్షలకి హామ్‌ల గుర్తు అది, నేనే నేర్పాను. వాళ్ళకీ పెళ్ళికో నంబరు, దీపావళికో నంబరు ఉండేవట, అందుకని వెంటనే నచ్చింది. నిన్న రాత్రి సీ సరిచేసి మళ్ళీ పంపాను. ఇంకా జవాబు రాలేదు. అక్కడిప్పుడు రాత్రి భోజనాల వేళ.

కిట్ కట్టాలనుకునేవాళ్ళు ఈ రేడియో వాళ్ళకి చెప్పండి, నా దగ్గర రెండో సోల్డరింగ్ ఐరన్ ఖాళీగా ఉంది. రింగులు చుట్టే పని మా ఆవిడ ఒప్పుకుంటే.